అరనిమిషం కాదు, ఆటంతా చూపాలి

2020 ఏప్రిల్ 2న శ్రీరామనవమి. లాక్‌డౌన్ వల్ల ఆ ఏడు భద్రాచలం మిథిలా స్టేడియం బోసిపోయింది. కల్యాణం గుడి ప్రాంగణంలోనే భక్తులు లేకుండా జరిగింది. ఏటా గోదావరి ఒడ్డుకు చేరే జనం ఇళ్ళలోనే ఉండి టీవీలో చూశారు. అదే రోజు సాయంత్రం లండన్‌లో, తలుపులు మూసుకున్న నేషనల్ థియేటర్ తన నాటకాల రికార్డింగులను యూట్యూబ్‌లో ఉచితంగా చూపడం మొదలుపెట్టింది. ఈ రెండు సంఘటనలకూ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. అయితే రెండు చోట్లా ప్రేక్షకుడికి దక్కిన మర్యాద ఒక్కటే. అతనికి మొదటి నుంచి చివరి దాకా చూసే అవకాశం ఇచ్చారు. భద్రాచలంలో జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా ఏ ఘట్టాన్నీ ఎవరూ కత్తిరించలేదు. ఏది ఎందుకు జరుగుతోందో చెప్పడానికి వ్యాఖ్యాతలు ఉన్నారు. ఆకాశవాణిలో ఉషశ్రీ గొంతు ఈ కల్యాణాన్ని ఊరూరికీ వినిపించిన కాలం నుంచి తెలుగువాళ్ళకు ఇది అలవాటే. గంటల తరబడి సాగే ఒక క్రతువును దూరాన కూర్చుని శ్రద్ధగా చూడగలం, వినగలం అని మనం ఎప్పుడో రుజువు చేసుకున్నాం. ఆ గుడి గోపురానికి కొద్ది మైళ్ళ దూరంలో, అడవి అంచున ఉన్న కోయ గూడేల ఆటపాటలకు మాత్రం ఆ మర్యాద ఇప్పటికీ దక్కలేదు. ఇంట్లో కూర్చుని ప్రపంచంలోని ప్రయోగాత్మక నాటకాన్నీ నృత్యాన్నీ చూసే అవకాశం వచ్చింది కనుక తప్పక చూడాలి. అలా చూడటం నేర్చిన కళ్ళతో మన మన్యం వైపు తిరిగి, అక్కడి ఆటను కూడా పూర్తి నిడివిలో, ఆడినవాళ్ళ పేర్లతో, వాళ్ళ అనుమతితో, వాళ్ళ భాషలోనే చూపమని అడగాలి. నేను వాదించదలచుకున్నది ఇదే.

చూడదగ్గ వాటిలో మొట్టమొదట చెప్పవలసింది ‘డాన్సింగ్ ఎట్ డస్క్’ అనే చిన్న చిత్రం. జర్మన్ నృత్య దర్శకురాలు పీనా బౌష్, స్ట్రావిన్‌స్కీ సంగీతానికి 1975లో ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ అనే నృత్యం కూర్చారు. వసంతం రావడానికి ఒక పడుచును బలి కోరే కథ అది. ఆమె ఎర్రటి దుస్తులు తొడుక్కుని ప్రాణం పోయేదాకా ఆడుతుంది. రంగస్థలం మీద నున్నటి చెక్క ఉండదు, మట్టి పరుస్తారు. ఆడేవాళ్ళ ఒంటికి మట్టి అంటుకుంటుంది, చెమటతో కలుస్తుంది, అడుగు బరువెక్కుతుంది. ఆఫ్రికాలోని 14 దేశాల నుంచి వచ్చిన 38 మంది నర్తకులు సెనెగల్‌లోని ఎకోల్ దె సాబ్ల్ అనే నృత్య పాఠశాలలో దీన్ని సాధన చేశారు. 2020 మార్చిలో, సరిగ్గా తొలి ప్రదర్శన ముందు, కరోనా అడ్డుపడింది. ఎవరి దేశానికి వాళ్ళు వెళ్ళిపోయే ముందు సముద్రపు ఒడ్డున ఇసుకను చదును చేసుకుని, పొద్దు వాలే వేళ మొత్తం నృత్యాన్ని ఒకసారి ఆడారు. దాన్ని కెమెరా పట్టుకుంది. ఆ జూలైలో అది ఆన్‌లైన్‌లో విడుదలైంది. తెరలు, రంగు దీపాలు, ప్రేక్షకుల కుర్చీలు ఏవీ లేవు. నేల, గాలి, సముద్రం, 38 దేహాలు. ప్రయోగం పేరుతో ఐరోపా నాటకరంగం నూరేళ్ళుగా ఏం వెతుక్కుంటోందో ఆ చిత్రం చూస్తే వివరణ అక్కర్లేకుండా అర్థమవుతుంది. పెట్టెలాంటి వేదికను వదిలి బయటికి రావడం, మాటకన్నా ఒంటిని నమ్మడం, ఆడేవాళ్ళకూ చూసేవాళ్ళకూ నడుమ గీతను చెరిపేయడం, నేలను తాకడం. పీనా మీద విమ్ వెండర్స్ 2011లో తీసిన ‘పీనా’ కూడా దీనితో కలిపి చూడదగ్గదే. అందులో నర్తకులు నగరపు రోడ్ల మీద, వేలాడే రైలు కింద, గనుల అంచున ఆడతారు.

అంత దూరం వెళ్ళకుండానే, మన సరిహద్దు దాటితే చాలు, ఇంకో పాఠం దొరుకుతుంది. భద్రాచలానికి పొరుగునే ఉన్న ఛత్తీస్‌గఢ్ గ్రామీణ నటులతో హబీబ్ తన్వీర్ 1970లలో ‘చరణ్‌దాస్ చోర్’ ఆడించారు. ఆయన రాయపూర్‌లో పుట్టి, లండన్‌లో నాటకశాస్త్రం చదివి వచ్చిన మనిషి. ‘నాచా’ అనే పల్లె ప్రదర్శన ఆడే నటులను తన ‘నయా థియేటర్’లోకి తెచ్చుకున్నారు. తొలి సంవత్సరాల్లో వాళ్ళ చేత హిందీ పలికించి, ఫలానా చోట నిలబడు, ఫలానా చోటికి నడువు అని దిద్దబోతే, పల్లెలో సింహాల్లా ఆడినవాళ్ళు వేదిక మీద కొయ్యబారిపోయారు. తప్పు నటులది కాదని, తను రుద్దిన భాషదీ పద్ధతిదీ అని ఆయన గ్రహించారు. ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడమన్నారు, మీకు తోచినట్టు కదలమన్నారు. అబద్ధం చెప్పననీ, రాణినీ రాజ్యాన్నీ ఒప్పుకోననీ గురువుకు మాట ఇచ్చి, ఆ మాటల కోసం ప్రాణం పోగొట్టుకునే దొంగ కథ అలా పుట్టింది. 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో ఆ నాటకం బహుమతి గెలిచింది. అక్కడి ప్రేక్షకులకు ఛత్తీస్‌గఢీ ఒక్క ముక్క రాదు. శ్యామ్ బెనెగల్ 1975లో తీసిన ‘చరణ్‌దాస్ చోర్’ సినిమా ఆ కథకే బాలల కోసం ఇచ్చిన రూపం. రంగస్థల నాటకానికి అది నకలు కాకపోయినా ఆ నటుల కదలికా గొంతూ అందులో పదిలంగా ఉన్నాయి. నాటకం ప్రయోగాత్మకం కావాలంటే పరాయి రూపం తెచ్చి అతికించాలని అనుకునేవాళ్ళకు తన్వీర్ జీవితమే సమాధానం. ఆడేవాడి నేలనూ నాలుకనూ నమ్మడమే ఆయన చేసిన పెద్ద ప్రయోగం.

అడవికి దగ్గరి కథ ఇంకొకటి ఉంది. మహాశ్వేతాదేవి ‘ద్రౌపది’ కథను మణిపూర్ దర్శకుడు హైస్నాం కన్హయ్యలాల్ 2000లో నాటకం చేశారు. సాయుధ దళాల చేతికి చిక్కి, చిత్రహింసకు గురైన ఒక సంతాల్ స్త్రీ తనను బట్టలు కట్టుకోమన్న అధికారి ముందు నగ్నంగా నిలబడి అతన్నే భయపెడుతుంది. ఆ పాత్రను వయసు మళ్ళిన నటి సావిత్రి పోషించారు. ఇంఫాల్‌లో నిరసనలు వచ్చి ప్రదర్శనలు ఆగిపోయాయి. నాలుగేళ్ళకే, 2004 జూలైలో, మనోరమ అనే యువతి హత్యను నిరసిస్తూ మణిపూర్ తల్లులు కాంగ్లా కోట ముందు బట్టలు విడిచి నిలబడ్డప్పుడు జనానికి ఆ నాటకం గుర్తొచ్చింది. సల్వాజుడుం కాలంలో ఇళ్ళు వదిలి మన అడవుల్లోకి వచ్చిపడిన గుత్తికోయల కుటుంబాలు ఉన్న జిల్లాల్లో ఈ నాటకం గురించి తెలుసుకోవడం ఒక అవసరం. మన దగ్గర సురభి వాళ్ళు 1990లలో దర్శకుడు బి.వి. కారంత్‌తో కలిసి బ్రెహ్ట్ నాటకాన్ని ‘బస్తీ దేవత యాదమ్మ’గా ఆడారు. 1885లో పుట్టిన ఒక కుటుంబ నాటక సమాజం, మాయలూ మంత్రాలూ చూపడంలో పేరుపడ్డది, తన సామర్థ్యాన్ని కొత్త పనికి పెట్టగలదని అది చూపింది. బ్రిటిష్ దర్శకుడు పీటర్ బ్రూక్ ‘మహాభారత’ కూడా చూడవలసిందే. 1985లో ఫ్రాన్స్‌లో ఒక రాతి క్వారీలో తొమ్మిది గంటలు ఆడిన నాటకం అది, 1989లో తెరకెక్కింది. మల్లికా సారాభాయ్ అందులో ద్రౌపది. దాన్ని చూస్తూ ఒక అభ్యంతరాన్ని కూడా పక్కన ఉంచుకోవాలి. మన కథను తీసుకున్నారు, దాని నేలనూ నమ్మకాన్నీ వదిలేశారు అని రుస్తుం భరూచా గట్టిగా విమర్శించారు. ఎవరి కళను ఎవరు తీసుకుని ఎవరికి చూపుతున్నారన్న ఆ ప్రశ్న లండన్, పారిస్ వాళ్ళకే కాదు, హైదరాబాద్ నుంచి భద్రాచలం కెమెరాలతో వచ్చేవాళ్ళకు కూడా వర్తిస్తుంది.

ఇప్పుడు ఈ కళ్ళతో కొమ్ముకోయ ఆటను చూడండి. మగవాళ్ళ తల మీద అడవిదున్న కొమ్ముల తలపాగా, నెమలి ఈకలు, భుజాన వేలాడే పొడవాటి డోలు. ఆడవాళ్ళు ఒకరి వెనక చేయి ఒకరు వేసుకుని వలయంగా కదులుతారు. డోలు కొడుతూనే మగవాళ్ళు దున్నపోతుల్లా తలలు వంచి ఒకరినొకరు ఢీకొంటారు, వెనక్కి తగ్గుతారు, మళ్ళీ కమ్ముకుంటారు. వాయించేవాడూ ఆడేవాడూ ఒకడే. వేదిక లేదు, తెర లేదు, ముందు వరస లేదు. వలయంలో నిలబడ్డవాళ్ళే ప్రేక్షకులు, కాసేపటికి వాళ్ళే ఆటగాళ్ళు. భూమి పండుగకో, పెళ్ళికో, ఇలవేల్పు కొలుపుకో ఆడితే దాని లయ రాత్రి గడిచే కొద్దీ మారుతుంది. మొదటి గంటలో కనిపించే అడుగు తెల్లవారుజామున ఉండదు. అలసట కూడా ఆ ఆటలో భాగమే. ఇలాంటి ఆట అంతర్జాలంలో మనకు ఏ రూపంలో దొరుకుతోంది? మంత్రి హెలికాప్టర్ దిగాక స్వాగతం పలికే వరసగా, సభ మొదలయ్యే ముందు కాలక్షేపంగా, ఒక నాయకుడు కొమ్ములు పెట్టుకుని రెండు అడుగులు వేసిన అరనిమిషం వీడియోగా. నాయకుడి పేరు ఉంటుంది. డోలు కొట్టినవాడి పేరు ఉండదు, ఏ గూడెమో ఉండదు, ఏ పండుగ పాటో ఉండదు. ఒక్కోసారి అసలు డోలు చప్పుడే ఉండదు, దాని మీద సినిమా పాట అతికిస్తారు. రాత్రంతా సాగే ఒక నిర్మాణంలోంచి అరనిమిషం ముక్క కోస్తే మిగిలేది వేషం మాత్రమే. వేషం చూసి ‘గిరిజన నృత్యం’ అని పేరు పెట్టి ముందుకు జరిగిపోతున్నాం. పీనా బౌష్ నృత్యాన్ని ఇసుకలో 38 మంది ఆడితే కళ్ళార్పకుండా చూసే మన నగర రసికులు, ఇక్కడి మట్టిలో అంతమందీ ఆడితే అలంకారంగా చూస్తున్నారంటే లోపం ఆటలో లేదు, చూపిన తీరులో ఉంది.

డోలి కథకుల సంగతి ఇంకా బాధాకరం. కోయల గట్లకు (గోత్రాలకు), ఇంటిపేర్లకు, ఇలవేల్పులకు చెందిన కథలన్నీ వీళ్ళ నోట ఉంటాయి. పడిగె అనే బొమ్మల గుడ్డను ఎదుట పెట్టుకుని, డోలు వాయిస్తూ, ఏ వంశం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏ వేల్పు ఎవరికి దక్కింది అని పాడతారు. కథ, బొమ్మ, వాద్యం, క్రతువు ఒకే మనిషి చేతుల్లో నడుస్తాయి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడగల మనిషి ఆయన. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. పురస్కారం అందుకున్న క్షణం, సన్మానాలు, ఇంటర్వ్యూలు వెతకగానే దొరుకుతాయి. ఆయన జ్ఞాపకంలో ఉన్న కథలన్నీ మొదలు నుంచి చివరి దాకా, కోయ మాటకు తెలుగు అర్థంతో సహా, ఎవరైనా చూడగలిగే చోట ఉండాలి కదా. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు ఏళ్ళ తరబడి గూడేలు తిరిగి వాద్యాలూ పడిగెలూ సేకరించారు. వ్యక్తుల పట్టుదల మీద నడిచే ఆ పనిని సంస్థలు తమ పనిగా ఎత్తుకోవాలి.

రికార్డు లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఈ అడవికి ఆనుకునే ఉన్న రామప్ప గుడి చాలు. కాకతీయుల కాలంలో వెలిగిన పేరిణి నృత్యం తర్వాత కనుమరుగైంది. 20వ శతాబ్దంలో నటరాజ రామకృష్ణ ఆ శిల్పాల భంగిమలనూ, గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయపసేనాని రాసిన ‘నృత్తరత్నావళి’నీ దగ్గర పెట్టుకుని దాన్ని మళ్ళీ కూర్చారు. అది గొప్ప పని. అయినా రాతి భంగిమ నుంచి తర్వాతి భంగిమకు ఒళ్ళు ఎలా మళ్ళిందో రాయి చెప్పదు. మధ్యలో ఉన్న కదలికంతా ఆ పండితుడి ఊహ నింపింది. పేరిణి ఒక్క గంట ఆట నమోదై ఉంటే ఆయన సగం జీవితం మిగిలేది. జాయపసేనానికి కెమెరా లేదు. అయినా తన కాలపు దేశి నృత్యాలను సైతం శ్రద్ధగా గ్రంథానికి ఎక్కించాడు. మనకు జేబులోనే కెమెరా ఉంది. అతను చూపిన శ్రద్ధే కరువైంది.

రంగస్థలం మనిషికీ మనిషికీ మధ్య జరిగేదని, తెర మీద చూస్తే అది చచ్చిన సీతాకోకచిలుకేనని నాటకం వాళ్ళే అంటారు. ఈ మాటలో నిజం ఉంది. డోలు దెబ్బ ఛాతీలో మోగడం ఫోన్ స్పీకర్ ఇవ్వలేదు. అయితే ఈ వాదన చేసేవాళ్ళు తాము ఎన్ని గొప్ప ప్రదర్శనలను ఎదురుగా చూశారో లెక్క వేసుకోవాలి. పీనా బౌష్ బృందం వుప్పర్తాల్‌లో ఆడుతుంది, కన్హయ్యలాల్ ఇంఫాల్‌లో ఆడించారు. ఇల్లెందులోనో సత్తుపల్లిలోనో నాటకం మీద ప్రేమ ఉన్న ఒక డిగ్రీ విద్యార్థికి తెర కాక మరో దారి ఏది? లండన్ నేషనల్ థియేటర్ 2009 నుంచే తన నాటకాలను సినిమా హాళ్ళలో చూపుతోంది. 2020 డిసెంబరు నుంచి చందా కట్టి ఇంట్లో చూసే ఏర్పాటు కూడా చేసింది. దాని వల్ల హాలుకు వచ్చే దారి మూసుకుపోలేదు. తెర మీద చూసినవాడికి ఎదురుగా చూడాలన్న ఆకలి పెరుగుతుంది. రేడియోలో కల్యాణం విన్న తరం భద్రాచలం వెళ్ళడం మానలేదు. రికార్డింగు ప్రదర్శనకు బదులు కాదు, ప్రదర్శన ఎలా ఉండాలో గుర్తుంచుకునే సాధనం. అందుకే అది కత్తిరించకుండా ఉండాలి. ఒక కెమెరా దూరంగా నిలబడి మొత్తం వలయాన్ని చూపాలి, ఇంకొకటి దగ్గరగా పాదాల్నీ చేతుల్నీ చూపాలి. డోలు శబ్దాన్ని మంచి మైకులతో విడిగా పట్టాలి. ఇదేమీ పెద్ద శాస్త్రం కాదు. కల్యాణానికి ప్రతి ఏటా చేస్తున్నదే.

అంతకన్నా బరువైన అభ్యంతరం గూడేల నుంచే వస్తుంది. వేల్పుల కొలుపు ప్రదర్శన కాదు, దాన్ని ఊరందరి ముందూ పెట్టడానికి మీరెవరు అని అడిగితే ఆ ప్రశ్నకు తల వంచాలి. ‘కాంతార’ సినిమాల తర్వాత తుళునాట దైవ కోలాన్ని సరదాగా అనుకరించినవాళ్ళ మీద అక్కడి భక్తులు ఎంత బాధపడ్డారో చూశాం. చివరికి సినిమా తీసిన సంస్థే అలా అనుకరించవద్దని జనాన్ని కోరవలసి వచ్చింది. చూపడం మొదలైతే అనుకరణ వస్తుంది, అనుకరణ వెంట అవమానం రావచ్చు. అందుకు పరిష్కారం ఎవరికి తోచినట్టు వాళ్ళు తీసుకోవడమూ కాదు, అసలేమీ తీయకపోవడమూ కాదు. దారి చట్టంలోనే ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో తమ ఆచారాలనూ సాంస్కృతిక అస్తిత్వాన్నీ కాపాడుకునే అధికారం గ్రామసభకే ఇచ్చింది. ఏది తీయవచ్చు, ఏది తీయకూడదు, తీసిందాన్ని ఎవరు చూడవచ్చు అన్నది ఆ గూడెం పెద్దలూ, పూజారులైన వడ్డెలూ, ఆడవాళ్ళూ కూర్చుని తేల్చాలి. కొన్ని కొలుపులు గూడెం బయటికి రాకూడదని వాళ్ళంటే రాకూడదు. వాటి రికార్డు గూడెం దగ్గరే, వాళ్ళ పిల్లల కోసం ఉండాలి. పండుగ ఆటలూ పెళ్ళి పాటలూ చూపమంటే చూపాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. అనుమతి అడగకుండా ఎవరు పడితే వాళ్ళు తీస్తున్నారు, గూడేనికి మాత్రం కాపీ అందడం లేదు.

డబ్బు సంగతి కూడా నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. మన కాపీరైటు చట్టం నటుడినీ గాయకుడినీ మాత్రమే కాదు, నర్తకుడినీ, వాద్యకారుడినీ, చివరికి గారడీవాడినీ పాములవాడినీ కూడా ప్రదర్శకుడిగా గుర్తిస్తుంది. అతని ప్రదర్శన మీద 50 ఏళ్ళ హక్కు ఇస్తుంది. 2012 సవరణ తర్వాత, ఆ ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ అడిగే హక్కు, తన పేరు చెప్పమనే హక్కు కూడా ఉన్నాయి. కొమ్ములు కట్టుకుని డోలు కొట్టిన కోయ మనిషి చట్టం దృష్టిలో సినిమా గాయకుడితో సమానమైన ప్రదర్శకుడు. ఈ సంగతి అతనికి చెప్పిన అధికారి, కళాసంస్థ, చానల్ ఎన్ని? ఒక పూట భోజనం, బస్సు ఖర్చులు ఇచ్చి రోజంతా ఎండలో నిలబెట్టి, ఆ వీడియో మీద లక్షల వీక్షణలు సంపాదించడం న్యాయం కాదు. పూర్తి నిడివి రికార్డు అంటే ఒప్పందం కాగితం మీద ఉండటం, ఆడినవాళ్ళ పేర్లన్నీ తెర మీద ఉండటం, ఆదాయం వస్తే అందులో వాటా చేరడం కూడా.

ఇదంతా ఎవరు చూస్తారు, మనవాళ్ళకు ఇవి ఎక్కవు అనే మాట ఒకటుంది. ఆ మాట చెప్పేది సాధారణంగా ప్రేక్షకులు కాదు, కార్యక్రమాలు వేసేవాళ్ళు. రాత్రంతా ఒగ్గుకథ విన్న జనం, ఖమ్మం జిల్లా పల్లెల్లో ప్రజానాట్యమండలి నాటకాలను భుజాల మీద మోసిన జనం, ‘మా భూమి’ లాంటి నాటకాన్ని ఉద్యమంగా మార్చుకున్న జనం కొత్త నాటకం అర్థం చేసుకోలేరనడం చరిత్రకు విరుద్ధం. అడ్డంకి నిజంగా ఉన్నది భాష దగ్గర, ఇంటర్నెట్ దగ్గర. విదేశీ నాటకాలకు తెలుగు ఉపశీర్షికలు ఉండవు, కోయ పాటకు తెలుగు అర్థం ఉండదు, లోపలి గూడేల్లో సిగ్నలే సరిగా అందదు. మూడింటికీ చేయదగ్గ పని ఉంది. ఖమ్మంలో భక్త రామదాసు కళాక్షేత్రం ఉంది. నెలకు ఒక సాయంత్రం అక్కడ ఒక రికార్డు ప్రదర్శనను పెద్ద తెర మీద, హక్కులు తీసుకుని, ముందు పది నిమిషాల తెలుగు పరిచయంతో చూపవచ్చు. ఆశ్రమ పాఠశాలల్లో సిగ్నల్ అవసరం లేకుండా హార్డ్‌డిస్కుతో చూపవచ్చు. 2011 జనగణన ప్రకారం కోయ తమ మాతృభాష అని చెప్పినవాళ్ళు సుమారు 4 లక్షల మంది. వాళ్ళలో చదువుకున్న యువతీయువకులకు జీతమిచ్చి పాటలకు అర్థాలు రాయిస్తే, ఆ రికార్డుకు వాళ్ళే సంపాదకులవుతారు.

సంప్రదాయ కళకు ‘ప్రయోగాత్మకం’ అన్న బిరుదు తగిలించడం మరో రకం దోపిడీ కాదా అని కూడా అడగవచ్చు. కోయల ఆటకు ఆ బిరుదు అవసరం లేదు, నేను తగిలించడం లేదు. పోలందు దర్శకుడు గ్రోటోవ్‌స్కీ బెంగాల్ బావుల్ గాయకుల దగ్గరికి, అమెరికన్ దర్శకుడు షెక్నర్ రామ్‌నగర్ రామలీలకు వెళ్ళింది వాటిని ప్రయోగాలనుకుని కాదు, తమ దగ్గర లేనిది అక్కడ ఉందని తెలిసి. నేను అడుగుతున్నది ఆ శ్రద్ధలో సమానత్వం. అదే సమయంలో కోయ పిల్లలను ముత్తాతల అడుగు దగ్గరే ఆగిపొమ్మని శాసించే హక్కూ ఎవరికీ లేదు. అహ్మదాబాద్‌లో ఛారా కులస్తుల యువకులు 1998 నుంచి బుధన్ థియేటర్ పేరుతో తమ మీద పడ్డ ‘నేరస్థ జాతి’ ముద్రను నాటకాలతో ఎదిరిస్తున్నారు. పోలీసు నిర్బంధంలో చనిపోయిన బుధన్ శబర్ కథే వాళ్ళ తొలి నాటకం. పోడు కేసుల మీద, పునరావాసం మీద, బొగ్గు గనుల మీద మణుగూరు, చింతూరు పిల్లలు తమ డోలుతో, తమ భాషలో కొత్త నాటకం కడితే అది కూడా ఈ నేల కళే. పాత ఆట పూర్తిగా రికార్డయి ఉంటేనే కొత్తది కట్టేవాడికి ముడిసరుకు ఉంటుంది.

ఆలస్యం చేయడానికి వీల్లేని కారణం గోదావరి దిగువన ఉంది. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మంలోకి వచ్చాయి. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాని చుట్టూ ఉన్న చాలా పల్లెలు వేరే రాష్ట్రమయ్యాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయ్యింది. ఒకే పాట పాడే బంధువులు మూడు నాలుగు కార్యాలయాల కింద చీలిపోయారు. ముంపు గ్రామాల కోయలూ కొండరెడ్లూ పునరావాస కాలనీలకు తరలుతున్నారు. ఏరు పక్కన ముత్యాలమ్మ గద్దె చుట్టూ ఆడే ఆట, వరసగా కట్టిన సిమెంటు ఇళ్ళ మధ్య అలాగే ఉండదు. ఆ వలయం పట్టే నేలే అక్కడ ఉండదు. మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1940లలో పాపికొండల కొండరెడ్ల మీద పుస్తకం రాసి, ఫొటోలు తీసి లండన్ తీసుకెళ్ళాడు. ఆ సేకరణ ఇప్పటికీ అక్కడి విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. ఎనభై ఏళ్ళ నాటి మన గూడెం ముఖాలు చూడాలంటే లండన్ వెబ్‌సైటు తెరవాలి. ఇవాళ్టి గూడెం చూడాలంటే రేపటివాళ్ళు ఏది తెరవాలి? భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో గిరిజన మ్యూజియం ఉంది, చింతూరులో ఇంకో ఐటీడీఏ ఉంది. రెండు రాష్ట్రాల భాషా సాంస్కృతిక శాఖలు, కేంద్ర సంగీత నాటక అకాడమీ ఉన్నాయి. నీళ్ళ పంపకం మీద తగవులుంటే ఉండనీ, ఈ ఒక్క పని మీద రెండు ఐటీడీఏలూ కలిసి కూర్చోవాలి. వచ్చే భూమి పండుగలకు ముందే గ్రామసభల అనుమతి తీసుకుని, ముంపు గ్రామాలతో మొదలుపెట్టి, మిగిలి ఉన్న డోలి కథకుల ఒక్కో కథనూ మొదలు నుంచి చివరి దాకా నమోదు చేయాలి.

పాఠకులను కోరేది రెండే. ఈ నెలలో ఒక సాయంత్రం ఫోన్ పక్కన పెట్టి, ‘డాన్సింగ్ ఎట్ డస్క్’నో ‘చరణ్‌దాస్ చోర్’నో మధ్యలో ఆపకుండా చూడండి. ఈసారి కొమ్ముకోయ ఆట ముక్క మీ ముందుకు వస్తే, పంపినవారిని ఆడింది ఎవరు, ఏ గూడెం, పూర్తి ఆట ఎక్కడ చూడవచ్చు అని అడగండి.